అరవై ప్రశ్నలు

22 సెప్టెంబర్ 2025, సోమవారం

కృష్ణ ఏటికి అవతల, తెలంగాణలో, వదిన ఈపాటికి తంగేడు, గునుగు కోసుకొచ్చి బతుకమ్మ పేరుస్తూ ఉంటుంది. నేనేమో మెడలో ఐడీ కార్డు వేసుకుని గోడల మీద కరెంటు మీటర్లు వెతుకుతున్నాను. దసరా సెలవులు ఇలా మొదలయ్యాయి.

మీటరు పక్కన స్టిక్కర్. స్టిక్కర్ మీద నంబరు. అది కొడితే ఆ ఇంటి ఫారం తెరుచుకోవాలి. ట్రైనింగులో ఠక్కున తెరుచుకుంది. వీధిలో చక్రం తిరుగుతూ ఉండిపోయింది. పక్క బ్లాక్ టీచరమ్మా నేనూ వేపచెట్టు కింద నిలబడి ఫోన్లు పైకెత్తి సిగ్నల్ పట్టాలని చూశాం. థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు బాగా కనిపించాయి, సిగ్నల్ మాత్రం రాలేదు.

కర్ణాటక ప్రభుత్వం చేయిస్తున్న కులాల సర్వే ఇది. 60 ప్రశ్నలు. మేలో ఎస్సీ కులాల సర్వే చేశాం. అది అయిందనుకునేలోపు ఇది. రాత్రి అన్నం పెడుతుంటే అత్తమ్మ అడిగింది: "ఇన్నిసార్లు ఎందుకు లెక్కపెడ్తరే? మనుషులు యాడికి పోతరని?"

24 సెప్టెంబర్, బుధవారం

యాప్ కాస్త దారికొచ్చింది.

ఒక ముసలమ్మ నన్ను గుర్తుపట్టింది. "పదేండ్ల కింద నువ్వే గద రాసుకపోయింది?" అవును. 2015, ఏప్రిల్ ఎండలు, కాంతరాజు గారి కమిషన్. అప్పుడన్నీ కాగితం ఫారాలు. "అదేమాయె బిడ్డా?"

ఏమాయె? ఇంటికొచ్చి వరసగా పెట్టుకుంటున్నాను. రాసుకెళ్ళింది 2015లో. తర్వాత కమిషన్‌కొచ్చిన జయప్రకాశ్ హెగ్డే గారు రిపోర్టు ప్రభుత్వానికి ఇచ్చింది 2024 ఫిబ్రవరిలో. మంత్రివర్గం ముందు విప్పింది ఈ ఏడు ఏప్రిల్‌లో. జూన్‌కల్లా అన్నారు, పదేళ్ళు అయింది, మళ్ళీ చెయ్యాలి అని. చట్టంలోనే ఉందట, వెనకబడిన తరగతుల జాబితాను పదేళ్ళకోసారి సరిచూడాలని.

పాతబడేదాకా విప్పకుండా ఉంచి, పాతబడింది కాబట్టి మళ్ళీ...

ఆ ముసలమ్మ మనవడు అప్పటి ఫారంలో ఎనిమిదేళ్ళ పిల్లవాడు. తర్వాత నా క్లాసుకొచ్చాడు. ఏడోదిలో మానేశాడు. ఇప్పుడు ఇండస్ట్రియల్ ఎస్టేటులో డ్రమ్ములు దొర్లిస్తున్నాడు. ఈసారి అతని వృత్తి గడి నేనే నింపాను.

26 సెప్టెంబర్, శుక్రవారం

నిన్న హైకోర్టు చెప్పింది. సర్వే ఆపబోమంది. కానీ ఇష్టమున్నవాళ్ళే చెప్పాలి, బలవంతం ఉండకూడదు, చెప్పింది బయటికి పొక్కకూడదు. ఆ సంగతి ముందే చెప్పి అప్పుడు అడగాలట.

ఈరోజంతా అదే మాటతో మొదలుపెట్టాను. కొత్త డాబా ఇంటాయన గౌరవంగా విన్నాడు. గౌరవంగానే తలుపు వేసుకున్నాడు. రేకుల ఇళ్ళ వైపు ఒక్కరూ వద్దనలేదు. "చెప్పకుంటే రేషన్ కట్ అయితదా మేడం?" కాదమ్మా, కాదు. అయినా చెప్పారు. అడగనివి కూడా చెప్పారు. కోడలు పుట్టింటికి పోయిన సంగతి, మోకాలి నొప్పి, తాకట్టులో ఉన్న పుస్తెలు.

వద్దనే ధైర్యం ఎవరికుంటుంది?

ఈ నోట్‌బుక్‌లో ఒక్క పేరూ రాయను. ఇంటి నంబరు కూడా రాయను.

28 సెప్టెంబర్, ఆదివారం

ముసురు. ఎగువన భీమా పొంగింది. కలబురగి, యాదగిరి వైపు పొలాలు నీళ్ళలో ఉన్నాయని టీవీలో. ఆ నీళ్ళన్నీ కృష్ణలో కలిసి దేవసూగూరు వంతెన కిందికే రావాలి.

అన్న ఫోన్. "పత్తి నల్లబడుతున్నది చెల్లె." ఇక్కడా అంతే. కాయ పగిలే వేళకే వాన.

మామయ్య పంచాయతీ దగ్గరున్న వానలెక్క మిషన్ను తిట్టుకుంటున్నారు. ప్రతి పంచాయతీకి ఒకటి పెట్టారు, పావుగంటకోసారి బెంగళూరుకు లెక్క పంపుతుంది. "ఆడ పడ్డ వానే నా చేన్ల పడ్డదని ఎట్ల అంటరు?" అని ఆయన గొడవ. పంట బీమా కూడా అంతే కదా. పంచాయతీ మొత్తానికి నాలుగు చోట్ల కోసి తూచి, అదే అందరి దిగుబడి అంటారు. నాలుగు మడులతో ఊరంతా ఎంత తెలుస్తుంది? మేనల్లుణ్ణి అడగాలి. దసరాకు వస్తాడు.

3 అక్టోబర్, శుక్రవారం

నిన్న జమ్మి. ఈరోజు అన్నా మేనల్లుడూ బండి మీద వచ్చారు. నేను మధ్యాహ్నం దాకా సర్వేలో ఉన్నాను. వచ్చేసరికి వాడు అత్తమ్మతో పేకాడుతున్నాడు.

వాడు హైదరాబాద్‌లో చేస్తున్నది డేటా సైన్సులో పీహెచ్‌డీ. ఏం చేస్తావురా అంటే, "ప్రభుత్వం పథకం పెడ్తది గద అత్తా. అది పనిచేసిందా లేదా అని నేను లెక్క తీస్త" అన్నాడు. మామయ్య వెంటనే నాలుగు మడుల గొడవ ఎత్తారు. మడుల్ని చీటీ తీసినట్టు ఎంచితే నాలుగైనా చాలా చెప్తాయట. పట్వారీకి నచ్చిన చోట ఎంచితే నలభై అయినా దండగట. మామయ్య నమ్మలేదు.

తర్వాత లాప్‌టాప్‌లో నంజుండప్ప కమిటీ పట్టిక చూపించాడు. 2002 నాటిది. చదువు, నీళ్ళు, రోడ్లు, ఆసుపత్రులు, బ్యాంకులు... అలాంటివి 35 తీసుకుని ప్రతి తాలూకాకు ఒక్క అంకె తేల్చారు. ముప్పై అయిదు సరుకులు ఒకే సంచీలో పోసి తూకం వేసినట్టుంది. 175 తాలూకాల్లో 114 వెనకబడ్డాయని తేలింది. అట్టడుగున దేవదుర్గ. మన జిల్లానే. నా మొదటి పోస్టింగు అక్కడే. ఆ అంకె చూడకముందే నాకు తెలుసు.

"పట్టిక వేస్తే డబ్బులొస్తాయా?" అన్నాను.

"పట్టికతోని రావు. పట్టిక పట్టుకోని అడిగినోళ్ళతోని వస్తయి."

అయిదేళ్ళకు, 2007లో, ప్రత్యేక అభివృద్ధి పథకం మొదలైంది. ఈ ప్రాంతానికి ప్రత్యేక కోటా ఇచ్చే 371-జె కోసం ఇక్కడివాళ్ళు ధర్నాలు చేసిన ప్రతిసారీ ఆ పట్టిక ఎవరో ఒకరి చేతిలో ఉండేదని నాకే గుర్తు. ఆడబిడ్డ కూతురికి ఉద్యోగం ఆ కోటాలోనే వచ్చింది. 2018లో మళ్ళీ ఢిల్లీ వాళ్ళ లెక్క: దేశంలో 112 ఆకాంక్షిత జిల్లాలు, కర్ణాటకలో రెండే, రాయచూరు, యాదగిరి. అప్పుడు 49 సూచికలు. ఇప్పుడు గోవిందరావు గారి కమిటీ మళ్ళీ కొలుస్తోంది.

కొలిచినప్పుడల్లా చివరనే ఉన్నాం అని తేలడానికి ఎన్నిసార్లు కొలవాలి... అంటే వాడు నవ్వాడు. జవాబు చెప్పలేదు.

5 అక్టోబర్, ఆదివారం

వాడు వెళ్ళేముందు చెప్పిన సంగతి ఒకటి తలలోంచి పోవడం లేదు.

2018 మే. తెలంగాణలో రైతుబంధు మొదటి విడత. ఎకరానికి 4,000, చెక్కులు. అన్న కూడా తెచ్చుకున్నాడు. అప్పుడు కార్తీక్ మురళీధరన్, ఇంకొందరు ఆర్థికశాస్త్రం ప్రొఫెసర్లు ప్రభుత్వంతో మాట్లాడుకుని ఒక పని చేశారట. కొన్ని మండలాలను చీటీ తీసి ఎంచారు. ఆ మండలాల ఆఫీసర్లకు ముందే చెప్పారు: మేం రైతులకు ఫోన్లు చేస్తాం, చెక్కు అందిందా, ఎప్పుడు అందింది అని అడుగుతాం, మీ పనిని దాన్నిబట్టే చూస్తాం. అంతే. మిగతా మండలాల్లో ఏమీ చెప్పలేదు.

చెప్పిన చోట, చెక్కు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. ఖర్చు చూస్తే, అదనంగా చేరిన ప్రతి వంద రూపాయలకు మూడున్నర పైచిలుకు. మొత్తం 57 లక్షల మంది రైతుల పథకం అది.

డబ్బు పెంచలేదు. మనుషుల్ని పెంచలేదు. ఫోన్ వస్తుందని చెప్పారు, అంతే.

అన్నను అడిగాను. "నాకైతే ఎవడూ చెయ్యలే" అన్నాడు. కొంచెం నొచ్చుకున్నట్టే ఉంది గొంతు.

నన్ను చీటీలే కలవరపెడుతున్నాయి. చీటీ రాని మండలంలో చెక్కు అందని రైతు సంగతి?

7 అక్టోబర్, మంగళవారం

అనుకున్నదే. ఈరోజుతో అయిపోవాల్సిన సర్వేను 18 దాకా పొడిగించారు. బళ్ళు కూడా 18 దాకా మూత. టీచర్లు సర్వేలో ఉంటే పాఠాలు ఎవరు చెప్తారు?

వాన ఆగింది. ఎండ కాస్తోంది. పత్తి ఆరుతోంది.

పొద్దున ఆరింటికే టంటం బండి నిండా పిల్లలు, పత్తి ఏరడానికి. నా క్లాసు వాళ్ళే. నన్ను చూసి తలలు దించుకున్నారు, ఒకమ్మాయి మాత్రం చెయ్యి ఊపింది.

ఫారంలో ప్రశ్న ఉంది: పిల్లలు చదువుతున్నారా? అవును. బడిలో పేరుంది, కాబట్టి అవును. టిక్కు పెట్టాను.

9 అక్టోబర్, గురువారం

అన్న ఫోన్ చేసినప్పుడు గొంతులోనే తెలిసింది. వాళ్ళ పక్కింటాయన ఎంపీటీసీకి నిలబడతానని కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. తెలంగాణ స్థానిక ఎన్నికల్లో బీసీలకు 42 శాతం, ఆ లెక్కన సీటు వాళ్ళకొచ్చింది. పొద్దున నోటిఫికేషన్, సాయంత్రానికి హైకోర్టు స్టే.

"ఇల్లిల్లు తిరిగి లెక్క తీసిరి గద చెల్లె. ఇంగేం గావాల్నట?"

11 అక్టోబర్, శనివారం

మేనల్లుడికి ఫోన్ చేశాను. వాడు కోపంగా ఉన్నాడు, కానీ నాకు వివరంగానే చెప్పాడు.

తెలంగాణలో కులాల సర్వే పోయిన నవంబర్ 6న మొదలైంది. ఫిబ్రవరి 4న అసెంబ్లీలో పెట్టారు. బీసీలు, ముస్లిం బీసీలతో కలిపి, 56.33 శాతం. అంకె వచ్చిన తర్వాత దాన్ని చదవడానికి నిపుణుల బృందం వేశారు. జస్టిస్ సుదర్శన్ రెడ్డి గారు అధ్యక్షులు, కంచ ఐలయ్య గారు ఉపాధ్యక్షులు, జీన్ డ్రీజ్, థామస్ పికెటీ లాంటి వాళ్ళూ అందులో ఉన్నారు. 242 కులాలు, 42 అంశాలు, ఒక్కో కులానికి వెనకబాటు సూచీ. జూలైలో రిపోర్టు ఇచ్చారు. అంశాలూ 42, కోటా శాతమూ 42. రెండింటికీ సంబంధం లేదని వాడు నొక్కి చెప్పాడు.

కోర్టులో అడ్డొచ్చింది సర్వే కాదట, 50 శాతం గీత. ఎంత బాగా లెక్క తీసినా ఆ గీత దగ్గర ఆగిపోవాల్సిందేనట, ఇప్పటికైతే.

"మరి మీ చదువు ఎందుకురా?"

"గీత ఎవరు గీసిండ్రు, ఏ లెక్కతోని గీసిండ్రు అని అడగనీకి."

వాడికి ఇరవై ఆరేళ్ళు. ఆ వయసులో అడగొచ్చు. నేను గడులు నింపేదాన్ని. కానీ నేను తప్పు నింపితే వాళ్ళ 42 అంశాలూ తప్పే. ఈ సంగతి పికెటీకి తెలుసా?

12 అక్టోబర్, ఆదివారం

మా ఇంటికీ వచ్చారు. పక్క బ్లాక్ టీచరమ్మే. కుర్చీ వేశాను, టీ ఇచ్చాను. కానీ ఆమె ఫోన్ తీసి మొదటి ప్రశ్న అడిగేసరికి ఎందుకో సర్దుకుని కూర్చున్నాను.

మాతృభాష. అత్తమ్మ తెలుగు అంది. మామయ్య కన్నడ అన్నారు. ఇద్దరూ నలభై ఏళ్ళుగా ఒకరితో ఒకరు మాట్లాడుకునేది రెండూ కలిపే.

ఆదాయం. మా ఆయన ఒక అంకె చెప్పారు. నేను గోడ మీది క్యాలెండర్ చూశాను. టీచరమ్మ నన్ను చూడలేదు. మంచి మనిషి.

ఎన్ని ఇళ్ళలో ఇలా క్యాలెండర్లు చూసి ఉంటారో.

13 అక్టోబర్, సోమవారం

తాళాలు. ఆ వీధి వీధంతా తాళాలే. "గుళే పోయిండ్రు మేడం." బెంగళూరుకు, మట్టిపనికి. తిరిగి ఉగాదికి.

పక్కింటామెను అడిగితే చెప్పగలదు, ఎంతమంది, ఏ పని, ఏ కులం, అన్నీ. కానీ పక్కింటివాళ్ళు చెప్పింది రాయకూడదు. సరే. తాళం అని కొట్టాను. యాప్ ఒప్పుకుంది.

బెంగళూరులో వాళ్ళుండే రేకుల షెడ్డుకు మీటరుందా? మీటరు లేకపోతే స్టిక్కరెక్కడిది?

అక్కడ వాళ్ళను ఎవరో రాసుకున్నారనే అనుకుంటాను. అనుకోవడమే.

16 అక్టోబర్, గురువారం

స్టే ఎత్తేయడానికి సుప్రీంకోర్టు కూడా కాదంది. అన్న ఫోన్ ఎత్తలేదు.

18 అక్టోబర్, శనివారం

నా బ్లాక్ పూర్తయింది. తాళాలు పోను.

అవతల తెలంగాణలో ఆ 42 శాతం కోసం బంద్. కృష్ణ స్టేషన్ దాకా వెళ్ళిన మా ఆయన బస్సు లేక వెనక్కొచ్చారు. అన్ని పార్టీలూ బంద్‌కు మద్దతేనట. అందరూ ఒకటే కోరితే ఎవరి మీద బంద్ అని ఆయన అడిగారు. నాకూ అర్థం కాలేదు.

ఐడీ కార్డు తీసి మేకుకు తగిలించాను. కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని కూర్చుంటే అత్తమ్మ వచ్చి కొబ్బరినూనె రాసింది. ఆమె అలా ఎప్పుడూ చెయ్యలేదు.

23 అక్టోబర్, గురువారం

బడి తెరిచాం. ఏడో తరగతి సగం ఖాళీ.

దీపావళి నీరసం అన్నారు హెడ్ మాస్టర్ గారు. పత్తి అని ఇద్దరికీ తెలుసు. మధ్యాహ్న భోజనం ఆయమ్మకు ఇంకా బాగా తెలుసు. పొద్దున ఎంత బియ్యం పోయాలో ఆమె టంటంలు చూసి లెక్క కడుతుంది. ఈరోజు సరిగ్గా సరిపోయింది, గింజ మిగల్లేదు.

25 అక్టోబర్, శనివారం

మేనల్లుడు ఒక వ్యాసం పంపాడు, "అత్తా, నీకు పనికొస్తది" అని. ఆంధ్రలో కొన్నేళ్ళ కింద బడి మానేయబోయే పిల్లల్ని కంప్యూటర్ ముందే పసిగట్టిందట. మైక్రోసాఫ్ట్ వాళ్ళ యంత్రం. మార్కులు, ఆడా మగా, ఇంటి పరిస్థితి, బడిలో ఏమున్నాయి, టీచర్ల అనుభవం, అన్నీ వేసి, ఒక్క విశాఖ జిల్లాలోనే 2018–19లో దాదాపు 19,500 మంది మానేయవచ్చని చెప్పిందట.

చదివి నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు.

నా క్లాసులో ఎవరు మానేస్తారో నాకు జూన్‌లోనే తెలుసు. అక్క పెళ్ళయిన పిల్ల. నాన్న గుళే పోయిన పిల్లవాడు. చెప్పుల్లేకుండా వచ్చేవాడు కాదు, ఉన్నట్టుండి కొత్త ఫోన్‌తో వచ్చేవాడు. మీటింగుల్లో చెప్పాను కూడా. నేను చెప్తే అది టీచరమ్మ గొణుగుడు. యంత్రం చెప్తే అంచనా. దానికి అంకె ఉంది, జిల్లా ఆఫీసులో బల్ల మీద పెట్టొచ్చు.

యంత్రానికి చెప్పుల సంగతి తెలియదు. నాకు 19,500 తెలియదు.

పేర్లు తేలాక ఏం చేశారు? వ్యాసంలో అది రెండు లైన్లే.

1 నవంబర్, శనివారం

రాజ్యోత్సవం. జెండా, మిఠాయి. పిల్లలు మిఠాయికి వచ్చారు, తిని వెళ్ళారు. అందులో ఒకమ్మాయి చేతులు చూశాను. పత్తికాయ డొప్పలు గీరుకుని వేళ్ళ కొనలన్నీ తెల్లగా లేచిపోయి ఉన్నాయి. గోరు చుట్టూ నల్లటి చీలికలు. "మంటగా ఉందా?" "లే మేడం. కిలోకు లెక్క ఇస్తరు." అడిగింది ఒకటి, చెప్పింది ఒకటి.

టంటం అతను గేటు బయటే ఉన్నాడు.

ఏమనిపించిందో, వెళ్ళి చెప్పాను. గట్టిగా కాదు, మామూలుగానే. "ప్రతి శనివారం ఇళ్ళకు ఫోన్ చేస్తాను. పిల్ల ఆ వారం ఏ బండిలో పోయిందో అడిగి రాసుకుంటాను." పద్నాలుగేళ్ళ లోపు వాళ్ళను పనికి తోలితే ఏమవుతుందో అతనికి తెలుసు. నేను అదేమీ అనలేదు. రాసుకుంటాను అన్నాను, అంతే.

అతను బీడీ పారేశాడు.

8 నవంబర్, శనివారం

ఫోన్లు చేశాను. కొన్ని స్విచాఫ్. కొన్ని చోట్ల పిల్లలే ఎత్తి, అమ్మ లేదన్నారు, వెనక అమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది. ఒక తల్లి ఏడ్చింది. అప్పు సంగతి చెప్పింది. మేస్త్రి పోయిన ఏడే అడ్వాన్స్ ఇచ్చాడట, పిల్ల రెండు చేతులూ లెక్కలో వేసుకుని.

దానికి నా దగ్గర గడి లేదు. మార్జిన్‌లో రాసుకున్నాను.

టంటం అతను ఈ వారం ఇద్దరిని ఎక్కించుకోనన్నాడట. వాళ్ళు ఆటోలో పోయారు.

15 నవంబర్, శనివారం

సోమవారం ఏడోదిలో కాస్త ఎక్కువ మంది కనిపించారు. బుధవారం మళ్ళీ పలచబడ్డారు.

హెడ్ మాస్టర్ గారు నా కాగితం చూశారు. "ఇది ఏ ఫార్మాట్ అమ్మా?" నేను గీసుకున్నదే సార్ అన్నాను. ఫార్మాట్ లేకపోతే పైకి పంపడం కష్టం అన్నారు. కానీ తిరిగి ఇవ్వలేదు, డ్రాయర్‌లో పెట్టుకున్నారు. ఆ డ్రాయర్‌కు తాళం ఉంది. మంచిదో చెడ్డదో.

22 నవంబర్, శనివారం

మేనల్లుడికి చెప్పాను. ఎగిరి గంతేశాడు. "అత్తా, ఇది పేపరయితది! గని కంట్రోల్ గ్రూప్ ఏది?"

సగం మందికే ఫోన్ చెయ్యాలట. చీటీలు తీసి. మిగతా సగం ఇళ్ళకు చెయ్యకుండా మార్చి దాకా చూడాలట. పిల్లలు వచ్చింది నా ఫోన్ వల్లనా, పత్తి అయిపోయినందువల్లనా? అప్పుడు గాని తెలియదట.

వాడు చెప్పింది తప్పు కాదు. 2018లో రైతుబంధు ఫోన్లకూ అలాగే చేశారు. అలా చెయ్యకపోతే ఎవరూ నమ్మరు. పైవాళ్ళు నమ్మకపోతే వచ్చే ఏడు ఇంకో బడిలో ఇది ఉండదు, నేను బదిలీ అయితే ఈ బడిలోనూ ఉండదు.

పేర్లు చీటీల మీద రాశాను. మడిచాను. స్టీలు గిన్నెలో వేశాను. తియ్యడానికి చెయ్యి రాలేదు. ఆ వేళ్ళ కొనలున్న పిల్ల పేరు ఏ సగంలో పడుతుంది?

అందరికీ చేశాను. రాత్రి పదయింది.

24 నవంబర్, సోమవారం

వాడికి నా బాధ చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత స్మార్ట్ కార్డుల సంగతి చెప్పాడు.

ఉమ్మడి ఆంధ్రలో ఉపాధి కూలీలకు వేలిముద్ర కార్డులు ఇచ్చిన రోజులు, 2010–12. కర్నూలుతో సహా ఎనిమిది జిల్లాలు, 157 మండలాలు. రైతుబంధు ఫోన్లు చేయించిన ప్రొఫెసర్లే. మంత్రాలయం దగ్గర పెద్దమ్మ వేలికి ఇంకు అంటిందేమోనని చూసుకుంటూ వచ్చేది, గుర్తుంది. అక్కడ చీటీ తీసింది ఎవరికి ఇవ్వాలి అని కాదట, ఎవరికి ముందు ఇవ్వాలి అని. అందరికీ ఒకేసారి ఎలాగూ ఇవ్వలేరు కదా. ముందు వచ్చిన మండలాల్లో కూలి త్వరగా చేతికొచ్చింది, మధ్యలో కారిపోయేది 40 శాతం దాకా తగ్గింది. ఇంకో సంగతి. కార్డుల మీద ఫిర్యాదులొచ్చి ప్రభుత్వం ఆపేద్దామా అనుకుంటున్నప్పుడు, కూలీలను అడిగితే ఎక్కువమంది కార్డే కావాలన్నారట. ఫిర్యాదు చేసినవాళ్ళ గొంతు ఆఫీసు దాకా వస్తుంది. కూలీలది రాదు. అడిగితే తప్ప.

ఇదైతే నాకు మింగుడు పడుతుంది. మా బడిలో అందరికీ ఫోన్లు. క్లస్టర్‌లో మిగతా బళ్ళకు వచ్చే పత్తికాలం, ఏ బడికి ఆగస్టులో, ఏ బడికి నవంబర్‌లో అన్నది చీటీ. పిల్లల పేర్లు బడి దాటి పోకూడదు, వాడికి కూడా అంకెలే ఇస్తాను. వాడు ఒప్పుకున్నాడు. ఫార్మాట్ వాడే గీసి పంపాడు. గడులు ఎక్కువున్నాయి. కొన్ని కొట్టేశాను, అడ్వాన్స్ అని ఒకటి కలిపాను.

బళ్ళ జాబితా కావాలి. క్లస్టర్ చూసే సీఆర్పీ సార్ ఫోన్ ఎత్తడం లేదు. రేపు యెరమరస్‌లో మీటింగు ఉంది, అక్కడ పట్టుకోవాలి.